త్రీ హౌసెస్‌లో విద్యార్థుల్ని తీర్చిదిద్దడం ఎలా: గోల్స్ నుంచి మాస్టర్ క్లాస్ దాకా

ఫైర్ ఎంబ్లమ్: త్రీ హౌసెస్ మొదటిసారి ఆడినప్పుడు నేను చాలా మంచి టీచర్‌ని అనే భ్రమలో ఉన్నాను. ఏ విద్యార్థి వచ్చి "ప్రొఫెసర్, ఇకమీదట ఇది నేర్చుకుంటాను" అన్నా, పిల్లల ఇష్టం కదా అని ఊ కొట్టాను. ఆటలో ఏడాది తిరిగేసరికి నా విద్యార్థులందరికీ అన్నిట్లోనూ సి ర్యాంకు ఉంది, దేంట్లోనూ బి లేదు. లెవెల్ 20 దాటింది, సంచిలో పై స్థాయి పరీక్ష రాయడానికి కావాల్సిన అడ్వాన్స్‌డ్ సీల్స్ ఉన్నాయి, పరీక్ష రాయగలిగినవాళ్లు మాత్రం ఇద్దరే. రెండోసారి మొదలుపెట్టినప్పుడు పద్ధతి మార్చాను: ప్రతి పిల్లా చివరికి ఏ క్లాసులో, అంటే ఏ యుద్ధ వృత్తిలో, ఉండాలో ముందే తేల్చుకుని, అక్కడినుంచి వెనక్కి లెక్క వేసుకున్నాను. ఈ గైడ్ అంతా ఆ వెనక్కి వేసే లెక్క గురించే.

ఆట తెలియనివాళ్లకు నాలుగు ముక్కలు. ఇది 2019 జూలై 26న నింటెండో స్విచ్‌లో వచ్చింది. తయారుచేసింది ఇంటెలిజెంట్ సిస్టమ్స్, కోయి టెక్మో కలిసి. మీరు బైలెత్ అనే కిరాయి సైనికుడు, లేదా సైనికురాలు. అనుకోకుండా గారెగ్ మాక్ మఠంలోని ఆఫీసర్స్ అకాడమీలో ప్రొఫెసర్ అవుతారు. మూడు హౌస్‌లలో ఒకటి ఎంచుకోవాలి: ఎడెల్‌గార్డ్ నడిపే బ్లాక్ ఈగిల్స్, డిమిత్రి ఉన్న బ్లూ లయన్స్, క్లోడ్ ఉన్న గోల్డెన్ డీర్. ఒక్కో హౌస్‌లో ఎనిమిది మంది విద్యార్థులు. వారమంతా పాఠాలు, ఆదివారం సెలవు, నెలాఖరున యుద్ధం. యుద్ధంలో ఎవరు నిలబడతారో, ఎవరు పడిపోతారో చాలావరకు ముందు వారాల్లో మీరు చెప్పిన పాఠాలే తేలుస్తాయి.

ఒక మాట ముందే చెప్పాలి. ఈ ఆటలో "క్లాస్" అంటే తరగతి గది కాదు. ఆర్చర్, మేజ్, పలాడిన్ లాంటి యుద్ధ వృత్తి. నేను క్లాస్ అన్నప్పుడల్లా ఆ అర్థంలోనే తీసుకోండి.

మొదటి పని: స్కిల్ పేజీ చదవడం

ప్రతి విద్యార్థికీ 11 స్కిల్స్ ఉంటాయి. కత్తి, ఈటె, గొడ్డలి, విల్లు, ముష్టియుద్ధం అనేవి ఆయుధాలవి. రీజన్ అంటే దాడి మంత్రాలు, ఫెయిత్ అంటే ఎక్కువగా వైద్యం చేసే మంత్రాలు. అథారిటీ అంటే దళాల్ని నడిపే సత్తా. మిగిలినవి హెవీ ఆర్మర్, రైడింగ్, ఫ్లయింగ్. ర్యాంకులు ఇ నుంచి మొదలై డి, సి, బి, ఎ, ఎస్ వరకు వెళ్తాయి. మధ్యలో ప్రతిదానికీ ఒక ప్లస్ మెట్టు ఉంటుంది. ఇ నుంచి డికి ఇట్టే వెళ్తారు. బి నుంచి ఎకి వెళ్లాలంటే మాత్రం నెలలు పడుతుంది. ప్లానంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది.

స్కిల్ పక్కన నీలం రంగు పై బాణం ఉంటే అందులో ఆ పిల్లకు సహజంగానే పట్టు ఉంది, త్వరగా ఎదుగుతుంది. ఎర్ర కింది బాణం ఉంటే నత్తనడక. మూడు నక్షత్రాల గుర్తు కనిపిస్తే అది నిద్రపోతున్న ప్రతిభ. ఆ సబ్జెక్టు నేర్పుతూ పోతే నక్షత్రాలు ఒక్కొక్కటే నిండి, అన్నీ నిండాక అది బలంగా మారుతుంది, బహుమతిగా కొత్త సామర్థ్యమో యుద్ధకళో దొరుకుతుంది. బ్లూ లయన్స్‌లోని ఫెలిక్స్‌ని చూడండి. కత్తి పట్టుకుంటే ఎదురులేని కుర్రాడు. మంత్రాలంటే పడదు. అయినా అతని నక్షత్రాలు ఉన్నది రీజన్ దగ్గరే.

అలాగని నక్షత్రం కనిపించిన ప్రతిచోటా పరుగెత్తకండి. మీరు అనుకున్న చివరి క్లాసుకు ఆ స్కిల్ పనికిరాకపోతే, పెట్టిన పాఠాలన్నీ ముచ్చటకే. ఫెలిక్స్‌ని నేను మంత్రగాణ్ని చేయలేదు, ఇప్పటికీ చేయను.

చివరి క్లాస్ నుంచి వెనక్కి

క్లాసుల్లో నాలుగు అంచెలున్నాయి. బిగినర్‌కి లెవెల్ 5, ఇంటర్మీడియట్‌కి 10, అడ్వాన్స్‌డ్‌కి 20, మాస్టర్‌కి 30 కావాలి. లెవెల్ యుద్ధాల్లో దానంతటదే వస్తుంది. తక్కువ పడేది స్కిల్ ర్యాంకే, మనం తేవాల్సింది అదే.

బెర్నడెట్టాతో చూద్దాం. బ్లాక్ ఈగిల్స్‌లో ఉండే, గది దాటి రావాలంటేనే హడలిపోయే పిల్ల. ఆమెకు విల్లులోనూ ఈటెలోనూ సహజమైన పట్టు ఉంది. ఆమెను మాస్టర్ స్థాయిలో బో నైట్ చేయాలనుకుందాం, అంటే గుర్రం మీదినుంచి బాణాలు వేసే యోధురాలు. ఆ పరీక్షకు విల్లు ఎ, ఈటె సి, రైడింగ్ ఎ కావాలి. దాని కింద అడ్వాన్స్‌డ్‌లో స్నైపర్‌కి విల్లు ఎ ఒక్కటే చాలు. ఇంకా కింద ఆర్చర్‌కి విల్లు సి. అన్నిటికంటే కింద ఫైటర్‌కి విల్లు డి సరిపోతుంది.

ఇప్పుడు చూడండి, విల్లు నాలుగు మెట్ల మీదా ఉంది. దాని గురించి పెద్దగా టెన్షన్ అక్కర్లేదు, ప్రతి యుద్ధంలో ఆమె పట్టేది అదే. ఈటె సి దాకా వస్తే చాలు, అందులో ఆమెకు పట్టు కూడా ఉంది, మధ్యలో ఓ నెల చూసుకోవచ్చు. అసలు కొండ రైడింగ్. ఆర్చర్‌గా, స్నైపర్‌గా ఉన్నంతకాలం ఆమె గుర్రం ఎక్కదు. కాబట్టి యుద్ధంలో రైడింగ్ పెరగదు. అదంతా పాఠాల్లోంచే రావాలి. లెవెల్ 28 వచ్చాక గుర్తొస్తే అప్పటికే ఆలస్యం. అందుకే మొదటి వారం నుంచే ఆమె గోల్స్‌లో, అంటే ఆమె దృష్టి పెట్టేలా మనం ఎంచే స్కిల్స్‌లో, రైడింగ్ ఉండాలి.

ప్రతి విద్యార్థికీ ఇలాగే అడగండి: చివరి క్లాసుకు కావాల్సినవాటిలో యుద్ధంలో తనంతట తాను పెరగనిది ఏది? దాన్నే ముందు మొదలుపెట్టాలి.

ఇంగ్రిడ్ విషయంలో లెక్క తేలిక. ఈటె, కత్తి, ఫ్లయింగ్ మూడింట్లోనూ ఆమెకు పట్టు ఉంది. పెగాసస్ నైట్‌కి ఈటె సి, ఫ్లయింగ్ డి. ఫాల్కన్ నైట్‌కి ఈటె బి, కత్తి సి, ఫ్లయింగ్ ఎ. త్వరగా పెగాసస్ ఎక్కిస్తే ఎగురుతూనే ఫ్లయింగ్ పెరుగుతుంది. లిసిథియాకి గ్రెమరీ కావాలంటే రీజన్ ఎ, ఫెయిత్ ఎ. రీజన్ యుద్ధంలో పెరుగుతుంది, ఫెయిత్ వెనకబడుతుంది. ఆ ఫెయిత్ ఎదిగే కొద్దీ ఆమెకు వార్ప్ మంత్రం కూడా వస్తుంది. మైదానం ఈ చివర ఉన్న మనిషిని ఆ చివర దించే మంత్రం అది, దాని కోసమైనా ఫెయిత్ వదలకూడదు. వైవర్న్ లార్డ్ అయితే గొడ్డలి ఎ, ఈటె సి, ఫ్లయింగ్ ఎ. గొడ్డలి, ఫ్లయింగ్ రెండింట్లోనూ పట్టున్న పెట్రాకి ఈ దారి నప్పుతుంది. కొన్ని క్లాసులకు లింగం అడ్డు ఉంది: పెగాసస్ నైట్, ఫాల్కన్ నైట్, గ్రెమరీ అమ్మాయిలకే, హీరో, గ్రాప్లర్, వార్ మాస్టర్ అబ్బాయిలకే. ప్లాన్ వేసే ముందే చూసుకోండి.

గోల్స్: రెండే గళ్లు

ప్రతి విద్యార్థికీ రెండు స్కిల్స్ గోల్‌గా పెట్టవచ్చు, కావాలంటే ఒక్కదానిమీదే దృష్టి పెట్టించవచ్చు. మీరు ఆ వారం ఆ పిల్లకు ఒక్క పాఠమూ చెప్పకపోయినా, గోల్‌లో ఉన్న స్కిల్ వారం వారం కొంత ఎదుగుతుంది. చూడ్డానికి చిన్న మొత్తమే, ఏడాది పొడవునా కూడితే పెద్దదవుతుంది.

ఆట ముందే కొన్ని జంటల్ని సిఫారసు చేస్తుంది. వాటిని పట్టించుకోకుండా కస్టమ్‌లోకి వెళ్లండి. నా పద్ధతి ఇది: ఒక గడిలో యుద్ధంలో పెరగని స్కిల్, రెండో గడిలో తర్వాతి పరీక్షకు కావాల్సింది. బెర్నడెట్టాకి మొదట రైడింగ్, విల్లు. ఆర్చర్ అయ్యాక, విల్లు యుద్ధంలో ఎలాగూ పెరుగుతుంది కాబట్టి, రైడింగ్, ఈటె. ఈటె సి కాగానే దాన్ని తీసేసి రైడింగ్ ఒక్కటే. ఇలా ఏడాదిలో మూడు నాలుగు సార్లు మారిస్తే చాలు, వారానికోసారి మార్చక్కర్లేదు.

ఇక పిల్లలొచ్చి అడిగే గోల్స్ సంగతి. అప్పుడప్పుడు సోమవారం ఒకరు ముందుకొచ్చి, నేను ఇవి రెండూ నేర్చుకుంటాను అంటారు. ఒప్పుకోవాలా, వద్దా? వాళ్లు అడిగినది మీ లెక్కలో ఉంటే ఒప్పుకోండి, లేకపోతే ఇప్పుడున్నదే కొనసాగించమనండి. కాదన్నామని మనసు చిన్నబుచ్చుకుంటుందేమోనని నేను మొదటిసారి భయపడ్డాను. ఆ భయానికే నా విద్యార్థులంతా సి ర్యాంకులో ఆగిపోయారు. ఒప్పుకున్నా కూడా ముంచేదేం లేదు, తర్వాత మీరే మెనూలోకి వెళ్లి మార్చేయవచ్చు. గుర్తుపెట్టుకుని మార్చడం ఒక్కటే కష్టం.

అథారిటీ సంగతి చాలామంది మరిచిపోతారు. మంచి దళాన్ని ఇవ్వాలంటే ఆ ర్యాంకు కావాలి. దళం వెంట ఉండగా పోరాడితే అది కొంత పెరుగుతుంది. మీ ముందువరసలో ఉండే ఇద్దరు ముగ్గురికి మాత్రం, ఏ గడీ ఖాళీగా అనిపించినప్పుడు, అథారిటీ పెట్టి వదిలేయండి.

సోమవారం పాఠం

వ్యక్తిగతంగా నేర్పే పాఠానికి రెండు హద్దులున్నాయి. ఒకటి వారానికి మీరు నేర్పగలిగే సంఖ్య, అది మీ ప్రొఫెసర్ లెవెల్‌తో పెరుగుతుంది. రెండోది విద్యార్థి మోటివేషన్. ఒక్కో పాఠం 25 తినేస్తుంది. 100 నిండి ఉంటే నాలుగు పాఠాలు. సున్నా ఉంటే ఆ పిల్ల తెర మీద కనిపించినా మీరేమీ చేయలేరు.

ఒక సోమవారం ఇలా ఉంటుంది. బెర్నడెట్టా మోటివేషన్ నిండా ఉంది. రైడింగ్ ఎంచుకున్నాను. మొదటిది గుడ్, రెండోది గ్రేట్. మూడోది బ్యాడ్, పిల్ల ముఖం వాడిపోయింది. ఇక్కడ ఓదార్చాలా, మందలించాలా అని అడుగుతుంది. ఆ పిల్ల స్వభావానికి సరిపోయేది చెబితే పోయిన ఉత్సాహం కొంత తిరిగొస్తుంది. ఆమెకు ఓదార్పే అనిపించి అదే నొక్కాను. ఫెలిక్స్ లాంటివాడితో జాలి మాటలు మాట్లాడితే ఏమవుతుందో అతనితో రెండు సంభాషణలు విన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. పర్ఫెక్ట్ వచ్చినప్పుడు మెచ్చుకోవడం మరవద్దు.

నాలుగు పాఠాలూ ఒకే స్కిల్‌కి పెట్టాలనేం లేదు. ప్లస్ మెట్టుకు చుక్క దూరంలో ఉన్న స్కిల్ ఉంటే ఒక పాఠంతో దాన్ని దాటించి, మిగతా మూడూ అసలు కొండకు పెట్టండి. ఆటో బటన్ ఒకటుంది. తొందరలో నొక్కబుద్ధేస్తుంది, నొక్కకండి. అది మీ లెక్క తెలియకుండా పాఠాలు పంచేస్తుంది.

పాఠాలయ్యాక ఇద్దరిని జంటగా ఒక పనికి పంపమంటుంది. గుర్రాలశాల పనిలో రైడింగ్, ఆకాశ పహారాలో ఫ్లయింగ్ పెరుగుతాయి. ఇద్దరి మధ్య స్నేహమూ పెరుగుతుంది. ఉచితంగా వస్తున్నదాన్ని ఎందుకు వదలాలి? నా బెర్నడెట్టా ఎన్ని వారాలు గుర్రాలకు మేత వేసిందో లెక్కలేదు.

ఆదివారం

ఆదివారం నాలుగు దారులున్నాయి: మఠంలో తిరగడం, సెమినార్, యుద్ధం, విశ్రాంతి. మొదటి నెలల్లో ఎక్కువగా తిరగండి. తిరిగినప్పుడే మోటివేషన్ నిండుతుంది, మీ ప్రొఫెసర్ లెవెల్ పెరుగుతుంది.

భోజనశాలలో ఒకేసారి ఇద్దరిని కూర్చోబెట్టి తినండి. వాళ్లకు నచ్చిన వంటకమైతే మోటివేషన్ బాగా లేస్తుంది. పైగా ఆ ఇద్దరికీ పొత్తు కుదురుతుంది. దీనికి ఆదివారం పనులకు ఖర్చుపెట్టే యాక్టివిటీ పాయింట్ ఒకటి పోతుంది. బహుమతులు ఇవ్వడానికి, మఠంలో దొరికిన పోయిన వస్తువుల్ని సొంతదారుకి అప్పగించడానికి పాయింట్లు పోవు, మోటివేషన్ మాత్రం వస్తుంది. ఎవరి వస్తువో తెలియకపోతే పక్కన రాసి ఉన్న వివరణ చదవండి, మనిషి అర్థమవుతాడు.

ప్రొఫెసర్ లెవెల్‌ని నిర్లక్ష్యం చేయకండి. పాఠాల సంఖ్య, యాక్టివిటీ పాయింట్లు అన్నీ దానికే కట్టి ఉన్నాయి. చేపలు పట్టడానికి, తోటలో విత్తనాలు నాటడానికి పాయింట్లు ఖర్చుకావు, కానీ ప్రొఫెసర్ అనుభవం వస్తుంది. చేపలు పట్టడం నాకు విసుగు. అయినా మొదటి మూడు నెలలు ప్రతి ఆదివారం చెరువు గట్టున నిలబడ్డాను. ఆ తర్వాత ఫలితం కళ్లముందే కనిపించింది.

సెమినార్ అంటే ఒక అధ్యాపకుడు తన సబ్జెక్టుల్లో చాలామందికి ఒకేసారి పాఠం చెప్పడం. ఆ సబ్జెక్టు మీ విద్యార్థుల్లో నలుగురికైనా అవసరమైతేనే ఎంచుకోండి. మిగిలిన పాయింట్లుంటే మీరే ఇతర అధ్యాపకుల దగ్గర నేర్చుకోండి, ఎందుకో కింద చెబుతాను. రెనౌన్ అనే కీర్తి పాయింట్లు చేరాక సెయింట్ విగ్రహాల్ని బాగుచేయించండి, కొన్ని స్కిల్స్ నేర్చుకునే వేగం పెరుగుతుంది.

పరీక్ష

ప్రతి పరీక్షకు ఒక సీల్ కావాలి. తెర మీద పాసయ్యే శాతం కనిపిస్తుంది. కావాల్సిన ర్యాంకులు పూర్తిగా ఉంటే 100. కొంచెం తక్కువైనా రాయవచ్చు, ఫెయిలైతే సీల్ పోతుంది. ముందు సేవ్ చేసుకోండి. ఇది మోసమా అంటారేమో, మిగతా సీల్స్ పోయినా నేను పట్టించుకోను, ఒక్క మాస్టర్ సీల్‌కి తప్ప. అవి అరుదు.

పాసైన క్లాసులోకి వెంటనే మారాలనేం లేదు. ఒకసారి పాసైతే ఎప్పుడైనా మారవచ్చు. ఆ క్లాసుకు ఉండాల్సిన కనీస గణాంకాల కంటే విద్యార్థివి తక్కువుంటే అవి ఆ మేరకు పెరుగుతాయి కూడా.

పక్కదారులు, వాటి ఖరీదు

ఒక క్లాసులో చాలినంత పోరాడి దాన్ని పూర్తిచేస్తే శాశ్వతంగా ఒక సామర్థ్యం వస్తుంది. ఇక్కడే అసలు రుచి ఉంది. మిర్మిడన్ పూర్తిచేస్తే వేగం 2, ఫైటర్‌తో బలం 2, మంక్‌తో మంత్రశక్తి 2 కలుస్తాయి. ఆర్చర్ పూర్తిచేస్తే గురి 20 పెరుగుతుంది. అన్నిటికంటే ఎక్కువమంది వెంటపడేది బ్రిగాండ్‌లోని డెత్ బ్లో: మీరు ముందు దాడి చేసినప్పుడు బలం 6 పెరుగుతుంది. మేజ్‌లోని ఫీండిష్ బ్లో మంత్రశక్తికి అదే పని చేస్తుంది. స్నైపర్ పూర్తిచేస్తే హంటర్స్ వాలీ అనే కళ వస్తుంది, ఒకే దాడిలో వరసగా రెండు బాణాలు.

డెత్ బ్లో విల్లు పట్టేవాళ్లకీ పనిచేస్తుంది. కానీ బ్రిగాండ్‌కి గొడ్డలి సి కావాలి, ఆ గొడ్డలి పాఠాలు ఎక్కడినుంచో తీయాలి. గొడ్డలి ఎలాగూ పట్టే పెట్రా లాంటివాళ్లకి మొహమాటం లేకుండా తీసుకోండి. బెర్నడెట్టాకి నేను వదిలేశాను. రైడింగ్ ఎ దాకా వెళ్లే దారిలో రెండు నెలలు గొడ్డలికి పోయడం నా లెక్కలో దండగ. ఇందులో నాతో విభేదించేవాళ్లు చాలామందే ఉంటారు.

ఎన్ని సామర్థ్యాలు సంపాదించినా ఒకేసారి తగిలించుకునేవి ఐదు, యుద్ధకళలు మూడు. కొత్తది వచ్చినప్పుడల్లా ఆ పేజీ తెరిచి చూడండి. ఎంతో కష్టపడి సంపాదించిన హిట్ ప్లస్ 20ని, అంటే ఆర్చర్ ఇచ్చే ఆ గురిని, తగిలించకుండా నేను మూడు యుద్ధాలు ఆడాను. బాణాలన్నీ పక్కకు పోతుంటే ఆటను తిట్టుకున్నాను.

పక్క హౌస్ పిల్లలు

ఇతర హౌస్‌ల నుంచి చేర్చుకోవాలంటే మీ సొంత గణాంకం ఒకటి, స్కిల్ ఒకటి వాళ్లకు నచ్చాలి. ఫెలిక్స్ వేగం, కత్తి చూస్తాడు. బెర్నడెట్టా బలం, విల్లు. పెట్రా నేర్పు, రైడింగ్. లియొనీ బలం, ఈటె. డొరొథియా ఆకర్షణ, అథారిటీ. పైన అధ్యాపకుల దగ్గర మీరే నేర్చుకోండి అన్నది ఇందుకే. వాళ్లతో సపోర్ట్, అంటే అనుబంధం, పెరిగే కొద్దీ ఆ గడప తగ్గుతుంది, కాబట్టి బహుమతులు, భోజనాలు వాళ్లకూ పంచండి. హౌస్ నాయకులు ముగ్గురూ, హ్యూబర్ట్, డెడ్యూ మాత్రం ఎంత చేసినా రారు.

ఎవరినైనా తెచ్చుకోవాలనుకుంటే త్వరగా తెచ్చుకోండి. మీ దగ్గర లేనంతకాలం వాళ్లు తమ దారిన తాము ఎదుగుతారు, మీ గోల్స్ వాళ్లకు వర్తించవు. మొదటి భాగం ముగిస్తే ఆ అవకాశమూ పోతుంది. ఆపైన కథ ఐదేళ్లు ముందుకు దూకుతుంది.

ఆ ఐదేళ్ల తర్వాత కూడా పాఠాలు ఆగవు, మఠమూ సోమవారాలూ ఉంటాయి. అప్పటికి మీ పిల్లలు అడ్వాన్స్‌డ్‌లో ఉంటారు. రెండో భాగంలో మొదటి ఆదివారమే కూర్చుని అందరి గోల్స్ పేజీలు మళ్లీ తిరగేయండి. పాత ప్లాన్‌లో పూర్తయిపోయిన స్కిల్ ఏదో ఒకటి ఇంకా గడిని ఆక్రమించుకుని ఉంటుంది. నాకు దొరికింది డొరొథియా కత్తి: ఆమె కత్తి ముట్టి ఆరు నెలలైంది.